దర్జీ నోట రెడీ

నాకు ఇంగ్లీషు రాదు. వచ్చిన ఒక్క మాటా మా ఆయన దగ్గర నేర్చుకున్నాను. అది రెడీ. ఇప్పటికీ ఆ మాట చెవిన పడితే నాకు కుదురుండదు. కోడలు వంటింట్లోంచి "అత్తమ్మా, టిఫిన్ రెడీ" అని పిలుస్తుంది. పాపం, ఆ పిల్ల నిజమే చెబుతుంది, పళ్ళెంలో ఇడ్లీలు పొగలు కక్కుతూనే ఉంటాయి. నేను మాత్రం లేచి వెళ్ళి కళ్ళతో చూసుకుంటేగానీ నమ్మను. "నా మీద నమ్మకం లేదా మీకు?" అని అలుగుతుంది. నీ మీద కాదే తల్లీ, ఆ మాట మీద.

నాది కోదాడ. పెళ్ళయి సూర్యాపేట వచ్చేటప్పటికి పదహారో, పదిహేడో. మా ఆయన దర్జీ. పెళ్ళికి ముందు బెజవాడలో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. అక్కడి నుంచి కాలితో తొక్కే కుట్టుమిషనుతో పాటు ఈ మాట కూడా తెచ్చుకున్నాడు. మిషను నయం, అప్పుడప్పుడూ ఆగేది.

మా వీధిలో మగవాళ్ళందరూ తయార్ అనేవాళ్ళు. తయార్ అంటే పని ముగిసింది, వస్తువు చేతిలో పెట్టొచ్చు అని. ఆడవాళ్ళం అయింది, కాలేదు అనుకునేవాళ్ళం. అన్నం అయితే అయింది, కాకపోతే కాలేదు. ఆ రెంటికీ నడుమ ఇంకో మెట్టు లేదు. మా ఆయన రెడీ ఆ లేని మెట్టు మీదే కూర్చునేది. బట్టకు కత్తెర పడిందంటే రెడీ. చేతులు అతికిస్తే మహా రెడీ. కొలతలు తీసుకుని గుడ్డ మడిచి గూట్లో పెట్టినా రెడీ లెక్కే. "అంగీ రెడీ అన్నా, కాజాలే మిగిలినయ్, ఎల్లుండి రా" అని నవ్వుతూ చెప్పేవాడు. అవతలివాడు కూడా నవ్వుతూ పోయేవాడు. కాజాలు కుట్టేది నేను కాబట్టి నాకు తెలుసు, నా దగ్గరికి ఏ అంగీ రాలేదని. ఊళ్ళో 'రెడీ దర్జీ' అని పేరు పడింది. సిగ్గుపడాల్సింది పోయి, ఆయనకు అదో బిరుదు.

ఊళ్ళో ఆయనకు సాటి వచ్చేవాడు ఒకే ఒక్కడు, మిర్యాలగూడ బస్సు క్లీనరు. అవి బొగ్గు బస్సులు. వెనకాల పొయ్యి లాంటిది ఉండేది, అందులో బొగ్గులు పోసి, చేతిచక్రం తిప్పి తిప్పి గాలి కొడితేగానీ బస్సు కదిలేది కాదు. ఆ క్లీనరు చక్రం పట్టుకున్న దగ్గర్నుంచీ "రెడీ రెడీ" అని అరిచేవాడు. జనం మూటలతో ఎక్కి కూర్చునేవాళ్ళు, చెమటలు కక్కి దిగేవాళ్ళు, మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఆ క్లీనరు అంగీ మా ఇంట్లో నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ రెడీగా ఉంది.

"అన్నా, నా అంగీ?"

"రెడీ తమ్మీ. నీ బస్సు?"

"అదీ రెడీ అన్నా."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. మా అత్త పొయ్యి దగ్గర్నుంచి వినేది. "వీని మాటలు నీటి మూటలు బిడ్డా," అనేది నాతో. "పుట్టేటప్పుడు గూడ గిట్లనే. ఇగ అస్త, అగ అస్త అని రెండొద్దులు సంపిండు నన్ను."

నేను నీళ్ళోసుకున్న ఏడాదే ఆ గడబిడంతా. దేశానికి స్వతంత్రం వచ్చింది. నవాబు కింద ఉన్న మాకు రాలేదు. తమాషా ఏమిటంటే అది మాకు బాగా దగ్గర్లోకే, మునగాల దాకా వచ్చి ఆగిపోయింది. మునగాల అంతకుముందు తెల్లవాళ్ళ కింద ఉండేది, అక్కడ మూడు రంగుల జెండా ఎగిరింది. నేను పుట్టింటికి పోయే బస్సు మా రాజ్యంలో బయల్దేరి, మునగాలలో స్వతంత్రంలో కాసేపు నిలబడి, కోదాడలో మళ్ళీ మా రాజ్యంలో దించేది. ఇటు సూర్యాపేటలో ఎవరైనా వీధిలో గట్టిగా పరుగెత్తితే చాలు, దుకాణాల తలుపులు దడాలున పడిపోయేవి. పరుగెత్తినవాడు కోడిపెట్టను తరుముతున్నాడని తర్వాత తెలిసేది. ప్రతి ఇంట్లో గడప పక్కన ఒక మూట. ఊరు ఊరంతా రెడీగా ఉంది, ఎక్కడికో మాత్రం ఎవరికీ తెలియదు.

మా గడప పక్కన కూడా మూట ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి, నన్ను కోదాడ తీసుకుపోవాలి. "నువ్వు రెడీగుండు, ఎల్లుండి పోదాం" అన్నాడు. నేను నమ్మాను. ఎల్లుండి వచ్చింది, పోయింది. మళ్ళీ ఎల్లుండి అన్నాడు. ఉన్న రెండు చీరల్లో ఒకటి మూటలోనే ఉండటం వల్ల, రోజూ మూట విప్పి ఇది కట్టుకుని అది లోపల పెట్టి మళ్ళీ ముడి వేసేదాన్ని. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటి పెళ్ళానికి కూడా గిరాకీకి చెప్పినట్టే చెబుతాడా? నేనేమైనా అంగీ కుట్టించుకోవడానికి వచ్చానా? కూర్చోలేను, నిలబడలేను, పడుకోలేను. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరుగుతుంటే మా అత్త, "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగకే, కండ్లు తిరుగుతానయ్ నాకు" అనేది.

ఆ రోజుల్లోనే గడీ నుంచి దొర జమేదారు వచ్చాడు. వెనక బండిలో ఖాకీ తానులు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు, నొసట ఇంత బొట్టు, దండకు తాయెత్తు. గడీలో దొర చేరదీసిన పడుచు మగవాళ్ళకు అంగీలూ లాగులూ కుట్టాలన్నాడు. వచ్చే నెల తొలి అంగడి నాటికి అందాలన్నాడు.

"కాకుంటే సూడు రెడీ దర్జీ," అన్నాడు, "నీకు కుట్టెటందుకు చేతులుండయ్."

అంతలోనే గొంతు తగ్గించి, "మంగళారం మాత్రం కత్తెర వెట్టకు. ఖాకీ బట్ట, పానాల మీది పని. వర్జ్యం సూసుకో" అన్నాడు. అంత మనిషికీ ఒక పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగే గుణం ఉందని ఆ రోజే నాకు తెలిసింది.

ఇక మొదలు. జమేదారు వారానికోసారి వచ్చేవాడు, మా ఆయన రెడీ అనేవాడు. మంగళవారమని ఒకసారి, అమావాస్య అని ఒకసారి ఆగాడు. వానకు తోలుపట్టా సాగిపోయి మిషను చక్రం తిరగట్లేదన్నాడు. సూది విరిగిందన్నాడు. చివరికి, "అన్ని రెడీ దొరా, గుండీలే తక్కువ" అన్నాడు. ఈ ఖాకీ పూర్తయితేగానీ జమేదారు మమ్మల్ని ఊరు దాటనివ్వడు, పూర్తయితే మేం కోదాడ పోవచ్చు. అందుకని నేనే తొందరపడ్డాను. కాజాలు కుట్టేస్తాను కదా అని ఒక మధ్యాహ్నం ఆయన లేనప్పుడు పెట్టె తీశాను. అంగీ లేదు, లాగు లేదు. కత్తిరించిన ముక్కలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక్క ముక్కకు ఒక్క కుట్టు పడలేదు.

ఆయన రాగానే అడిగాను. "ఇవి కుట్టలేదేం?"

"కుట్టను."

"మరి రెడీ అని చెబుతున్నావుగా?"

ఆయన గడప మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. కొలతలు తీసుకునేటప్పుడు దర్జీ ఉన్నాడన్న సంగతి మరిచిపోయి మాట్లాడుకుంటారట మనుషులు. ఆ పడుచువాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ధోవతుల్లో పోతే ఫలానా వాడి కొడుకని గుర్తు పడతారు, ఖాకీ తొడిగితేనే కదులుతామని పట్టుబట్టారట. బట్టలు అందిన మర్నాడే ఆత్మకూరు దిక్కు ఊళ్ళ మీద పడతారు. మా ఆడబిడ్డది ఆత్మకూరే. ఆ ఊళ్ళల్లో జనం ఒక్కొక్క ఇల్లే బండి కట్టుకుని, చుట్టుదారిన మునగాల చేరుతున్నారు. ముసలీ ముతకా, గొడ్డూ గోదా. అందరూ దాటడానికి రోజులు కావాలి.

"అక్క ఇంక ఎల్లలేదు," అన్నాడు. "అక్క అత్తకు పక్షవాతం. బండి దొరుకుతలేదు."

"మరి నేను?"

"నువ్వు రెడీగుండు."

చేతిలో ఉన్న కత్తెర విసిరేయాలనిపించింది. అంతలోనే ఆయన చేతుల వంక చూశాను. బొటనవేలి మీద సూదిపోట్ల గరుకు. ఈ చేతుల్ని నరుకుతానని కదా వాడు చెప్పి పోయింది. కోపం ఎటు పోయిందో, భయం వచ్చి కూర్చుంది. కుడితే అక్క ఊరు, కుట్టకపోతే ఈ చేతులు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ మా ఆయన బతుకు. ఆ మనిషి నవ్వుతూ అందరికీ రెడీ రెడీ అంటున్నాడు.

గుండీలు మిర్యాలగూడలోనే దొరుకుతాయని చెప్పి మరో రోజు సంపాదించాడు. పొద్దున్నే బొగ్గు బస్సెక్కాడు. సాయంత్రానికి రావాలి. బస్సు రాలేదు. మర్నాడు పొద్దెక్కినా రాలేదు. నేను గడపకూ వీధికీ మధ్య తిరుగుతూ ఉన్నాను. అప్పుడు వచ్చాడు జమేదారు, గడువు ఇంకా ఉండగానే. ఈసారి వెంట ఖాళీ బండి కూడా ఉంది.

నేను గబుక్కున లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. మా అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఏడి ఆడు? గుండీలు లేకున్నా మంచిదే. మా పోరలు పిన్నీసులు వెట్టుకుంటరు. బట్టలు తే."

"లేడయ్యా. మిర్యాలగూడ పోయిండు."

"ఉంటే ఉండనీ, పోతే పోనీ. రెడీ అన్నడు గద. నేనే ఎత్తుకపోత."

చెప్పుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. పెట్టె నా కాళ్ళ దగ్గరే ఉంది. మూత తీస్తే అయిపోయింది, మా ఆయన ఇన్నాళ్ళూ చెప్పిన ప్రతి రెడీ ముక్కలు ముక్కలుగా బయటపడుతుంది. నాకు ఆలోచన రాలేదు. నోరే వచ్చింది.

"అత్తా! లోపలికి రానియ్యకు! పురుడు!"

చేట కింద పడిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు ఆగింది. తొమ్మిదో నెల పొట్ట పట్టుకుని తలుపు వెనకాల నిలబడి, ఎంత మాట అన్నానో అప్పుడు తెలిసింది నాకు. కడుపులో ఉన్న బిడ్డకు మా వాళ్ళు ఉయ్యాల కూడా ముందుగా తీసుకురారు. పేరు తలచరు. పుట్టిందని చెప్పడమా! మా అత్త నన్ను చంపేస్తుందనుకున్నాను.

మా అత్త గొంతు వినపడింది, ఎన్నేళ్ళ నుంచో రాసిపెట్టుకున్నట్టు. "అవునయ్యా, ఇప్పుడిప్పుడే కానుపైంది, కాళ్ళు చేతులు ఏరువడ్డయ్. గడప తొక్కకు దొరా, నీకు మైల. నేను గూడ తానం చెయ్యలే, దూరం జరుగు."

"పురుడైతే ఏడుపు ఇనవడ్తలేదేంది?"

నేను పెట్టె మూత మీద కూర్చున్నాను.

"పాలు కరుసుకొని పండుకున్నది. నీ గొంతు ఇని లేస్తదేమో అని నేను బుగులు వడ్తాన. లేపుమంటవా?"

"ఏం పుట్టింది?"

"ఏం పుడ్తది మా బతుకుకు. ఆడివిల్ల."

జమేదారు ఉమ్మేశాడు. పెట్టె పురిటింట్లోనే ఉందా అని అడిగాడు. మంచం కిందనే ఉందంది మా అత్త. మైల బట్ట తొడుక్కుని ప్రాణాల మీది పనికి ఎవడు పోతాడు? పదకొండో రోజు పురుడు కడుక్కుని, ఆ బట్టంతా చాకలి రేవుకు పోయి వచ్చాక కబురు పెట్టమన్నాడు. బండి వెనక్కి తిరిగింది. మా అత్త లోపలికి వచ్చి, నన్ను ఒక్క మాట కూడా అనకుండా, వేపమండలు విరుచుకొచ్చి గడపకు చెక్కింది.

మా ఆయన ఆ మధ్యాహ్నం దిగాడు. దారిలో పొయ్యి ఆరిపోయి బస్సు రాత్రంతా నిలిచిపోయిందట. బస్సు దిగగానే ఎవరో, "ఆడివిల్ల పుట్టిందట గదనే" అన్నారు. గుండీల పొట్లం పట్టుకుని వీధి వీధంతా పరుగెత్తుకొచ్చాడు. వేపమండలు తోసుకుని లోపలికి వచ్చి, నన్ను చూశాడు, నా పొట్ట చూశాడు. అత్త జరిగింది చెప్పింది. ఆయన మొహం తెల్లబోయింది. ఆయనకు కోపం రావడం అదే మొదటిసారి చూశాను.

"పుట్టని బిడ్డను పుట్టిందని చెప్తరా?"

"కుట్టని అంగీని రెడీ అని నువ్వు చెప్పలేదా?" అన్నాను.

ఇద్దరం ఏడ్చాం. గుండీలు పొట్లం చిరిగి మంచం కింద దొర్లిపోయాయి.

ఆ మాట అన్నాక దాన్ని మోయాలి కదా. నేను ఆ చీకటి గదిలో బాలింతరాలిలా పడుకున్నాను. వీధిలో ఆడవాళ్ళకు తెలియకుండా ఉంటుందా? అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. మా చాకలామె ఏ మరకా లేని పాత చీరలు మూట కట్టుకుని, జమేదారు మనుషులు చూసేట్టు రేవుకు తీసుకుపోయి, బండకేసి బాది బాది ఉతికింది. పక్కింటివాళ్ళు పురిటి కాయం చేసి పంపారు. మొహమాటానికి తిన్నాను, ఎంత ఘాటో. ఆడబిడ్డ వాళ్ళకు బండి దొరికిందనీ, మునగాల చేరారనీ ఆ చాకలామే కబురు తెచ్చింది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క కనిపించింది.

నాకు మాత్రం స్థిమితం లేదు. ఒక రోజు పొద్దున్నుంచీ బిడ్డ కదల్లేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని చూశాను, ఎడమకు తిరిగాను, కుడికి తిరిగాను, చల్లనీళ్ళు తాగాను. కదల్లేదు. పుట్టిందని చెప్పాక ఇంకా లోపల ఎందుకుంటుంది, పోయి ఉంటుంది అనుకున్నాను. అత్తకు చెప్పలేదు. అత్త అడగలేదు. ఆమె మాటిమాటికీ వచ్చి నా మొహం చూసి పోతోంది. పొద్దు వాలేటప్పుడు ఒక్క తాపు తన్నింది. ఆ తాపుకు నేను దండం పెట్టాను.

పదకొండో రోజు రాకముందే కోదాడ దిక్కు నుంచి మూడు రంగుల జెండాతో మిలటరీ బండ్లు వస్తున్నాయని ఊరు గుప్పుమంది. దూరంగా పెద్ద పెద్ద చప్పుళ్ళు. గడీ తలుపులు మూతపడ్డాయి, జమేదారు ఏ దారిన పోయాడో ఎవరూ చూడలేదు. ఖాకీ అడిగేవాడు లేడు. ఊరంతా రోడ్డు మీదికి ఉరికింది. నాకు ఆ కేకల మధ్యనే నొప్పులు మొదలయ్యాయి. అత్తా, చాకలామె ఉన్నారు. మా ఆయన వాకిట్లో మిషను ముందు కూర్చున్నాడు. కాలు ఊరికే ఉండక ఉత్త మిషనునే తొక్కుతున్నాడు, టకటకమని ఆ చప్పుడు లోపలికి వినపడుతూనే ఉంది.

బిడ్డ పడింది. ఆడపిల్లే. చప్పుడు లేదు. మిషను కూడా ఆగిపోయింది.

"ఏడుపు ఇనవడ్తలేదేంది?" అన్నాడు బయటి నుంచి. అచ్చం జమేదారు అన్న మాటే. ఈసారి అత్త బిడ్డను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరుస్తోంది. నేను కళ్ళు మూసుకుని, నా నోరు పడిపోవాలని కోరుకున్నాను. అత్త మళ్ళీ చరిచింది. అప్పుడు ఏడ్చింది నా తల్లి, ఊళ్ళో అన్ని చప్పుళ్ళనూ మింగేసేంతగా.

బిడ్డ పుట్టిందని కంచం కొట్టి చెప్పడానికి లేదు, ఊరి లెక్కలో ఎప్పుడో పుట్టిందిగా. ఎవరైనా కొత్తగా చూడటానికి రావడానికీ లేదు. అత్త మూలన కూర్చుని, "నేను ఆనాడే చెప్పిన, ఆడివిల్లని" అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడే వాకిట్లో బస్సు క్లీనరు గొంతు. బస్సులు బందయి, జెండాలు చూడటానికి ఊళ్ళో తిరుగుతున్నాడు.

"అన్నా, గిప్పుడన్న నా అంగీ ఇయ్యి. మిలటరోళ్ళ ముందట ఈ చింపులు ఏసుకొని ఎట్ల నిలవడాలె? రెడీయేనా?"

లోపల బిడ్డ ఏడుస్తూనే ఉంది. మా ఆయన మిషను ముందు నుంచి లేచాడు.

"కాలేదు తమ్మీ," అన్నాడు. "అసలు మొదలే వెట్టలే."